ర్యాపర్లూ మన పిల్లలూ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా గుంటడు ప్లస్ టూ చదువుతున్నాడు. గోడ నిండా అమెరికా ర్యాపర్ల బొమ్మలే. వాళ్లలో తుపాకికి బలైనవాళ్లూ, మత్తుకి బలైనవాళ్లూ ఉన్నారట. పీకి పారేస్తానంటున్నారు వాళ్ల నాన్న. ఇలాంటివాళ్లు పిల్లలకి ఆదర్శం ఎలా అవుతారు?
— ఒక తల్లి, బరంపురం

బొమ్మలు పీకకండమ్మా. గోడ ఖాళీ అవుతుందేగాని చెవిలో పాట ఆగదు. పైగా ఆ పాట గురించి మీతో మాట్లాడటం మానేస్తాడు.

ముందు ఆ గోడ మీద ఎవరెవరున్నారో వాడినే చెప్పమనండి. టూపాక్ 1996లో పాతికేళ్లకే తూటాలకి పోయాడు. బిగ్గీ 1997లో, 24 ఏళ్లకి, అలాగే పోయాడు. జ్యూస్ వరల్డ్ 2019లో 21 ఏళ్లకి మత్తుమందు మోతాదు మించి పోయాడు. అదే గోడ మీద కెండ్రిక్ లమార్ కూడా ఉండొచ్చు. అంతవరకూ శాస్త్రీయ సంగీతానికి, జాజ్‌కి మాత్రమే దక్కిన అమెరికా పులిట్జర్ సంగీత బహుమతి 2018లో ఆయన ఆల్బమ్‌కి వచ్చింది. మాత్రలకి అలవాటుపడి చావు అంచుదాకా వెళ్లి, 2008 నుంచి వాటి జోలికి పోని ఎమినెమ్ కూడా ఉండొచ్చు. వీళ్లందరినీ ఒకే గాట కట్టి మంచో చెడో తేల్చలేం. మీవాడు ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నాడన్నదే అసలు సంగతి.

అది తెలుసుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు వాడితో కూర్చోండి. పాట వాడే ఎంచుకోవాలి. ఒక్క చరణాన్ని నోట్‌బుక్‌లో చేత్తో రాసి, పక్కనే తెలుగులో అర్థం రాయమనండి. తర్వాత మూడు రంగుల పెన్నులివ్వండి. పాడేవాడు కళ్లారా చూసి చెప్పిన మాట కింద నీలం గీత, గొప్పలు పోయిన చోట ఎరుపు, బండీ, గొలుసూ, సీసా లాంటి సరుకు పేరు వచ్చినచోట ఆకుపచ్చ. గీతలు వాడే గియ్యాలి, మీరు కాదు. చాలా పాటల్లో నీలం రెండు మూడు చోట్లే కనిపిస్తుంది. అది చూసినప్పుడు వాడి మొహంలో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది.

చాలా ఇళ్లలో ఈ పని మొదటి పది నిమిషాల్లోనే చెడుతుంది. బూతుమాట వినపడగానే పెద్దవాళ్లు అక్కడే పట్టుకుంటారు, పిల్లాడు పుస్తకం మూసేస్తాడు. మొదటి రోజు బూతుని వదిలెయ్యండి. ఎదుటివాణ్ణి తిట్టడం, తనని తాను పొగుడుకోవడం ఆ కళలో పోటీ పద్ధతి. తిట్టుకవిత్వం మనకీ ఉంది. వేములవాడ భీమకవి పేరు చెబితే రాజులే జంకేవారని కదా మన పెద్దలు చెప్పుకున్నది. పద్యంలో తిట్టినవాడు ఇంట్లోనూ అలాగే ఉండేవాడని మనం అనుకోం. పాటలో ‘నేను’ అన్న ప్రతి మాటా పాడేవాడి సొంత బతుకు కాదని మీవాడికి తెలిస్తే సగం భయం తీరినట్టే.

వాళ్ల నాన్నగారినీ ఆ గంట పక్కన కూర్చోమనండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు.

పాటలో గంజాయి గురించి విన్నంత మాత్రాన కాలుస్తామా? పెద్దవాళ్లు ఎందుకంత గాభరా పడతారు?
— డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

వినగానే ఎవరూ కాల్చరు, నిజమే తమ్ముడూ. కానీ పాట పుట్టిన చోటు వేరు, నువ్వు వింటున్న చోటు వేరు. కాలిఫోర్నియాలో 2016 ఓటింగు తర్వాత 21 ఏళ్లు నిండినవాళ్లకి గంజాయి చట్టబద్ధమైంది. అక్కడి ర్యాపర్ దాని గురించి పాడితే పోలీసులు రారు. నీకు చుట్టుపక్కల గజపతి, కోరాపుట్, మల్కనగిరి కొండల్లో దొంగచాటుగా పండిస్తారు. రైళ్లలో, బస్సుల్లో దాటించడానికి కాలేజీ కుర్రాళ్లని వెతుకుతారు. మనవైపు ముప్పు దమ్ము దగ్గర ఆగదు. ‘ఈ బ్యాగు స్టేషన్ దాకా పట్టుకెళ్లు చాలు’ అనే మాట దాకా వస్తుంది. గంజాయిని గొప్పగా చూపించే పాటలు పదే పదే విన్న చెవికి ఆ మాట చిన్నదిగా వినపడుతుంది. మా గాభరా అందుకే.

చట్టం లెక్కలు తెలుసుకో. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి తాగితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర పెట్టుకోవడం, మోయడం వేరే లెక్క. కిలోలోపు అయితే ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల్లోపు అయితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు మించితే పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష జరిమానా. అప్పుడు బెయిలు కూడా మహా కష్టం. ‘బ్యాగులో ఏముందో నాకు తెలీదు’ అంటే సరిపోదు. తెలీదని రుజువు చేసుకునే బరువు చాలావరకు నీ మీదే పడుతుంది.

ఇంకొకటి దగ్గుమందు. అమెరికా పాటల్లో ‘లీన్’ అని వినపడేది కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌ని కూల్‌డ్రింకులో కలిపిన మత్తు. ఆ మందు ఇక్కడ డాక్టరు చీటీ మీదే అమ్మాలి. కోడీన్ ఊపిరిని నెమ్మది చేస్తుంది. దాని మీద మద్యమో, నిద్రమాత్రో పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, పట్టపగలు తూగడం, మలబద్ధకం, మంచం కింద ఖాళీ సీసాలు దీని గుర్తులు. స్నేహితుడు ఎంత లేపినా లేవకుండా, పెదవులు నీలంగా మారితే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యి. కేసు భయంతో ఆలస్యం చెయ్యొద్దు, ప్రాణం పోతుంది.

అలవాటు పడ్డవాడు బయటపడాలనుకుంటే 14446కి ఫోన్ చెయ్యొచ్చు, ఉచితం. తనంతట తాను చికిత్సకి వెళ్లిన వ్యసనపరుడికి, వాడకం కేసులో గాని, కిలోలోపు కేసులో గాని, శిక్ష నుంచి రక్షణ ఆ చట్టంలోనే ఉంది. చికిత్స మాత్రం మధ్యలో మానెయ్యకూడదు.

నాకు ర్యాప్ రాయాలని ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోన్‌లో హిందీ. ఏ భాషలో రాయాలి? ఎవర్ని చూసి నేర్చుకోవాలి?
— ప్లస్ టూ విద్యార్థి, గుణుపురం

అమ్మతో పోట్లాడేటప్పుడు నీ నోట వచ్చే భాషలో రాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా చేరింది మీ పక్కనున్న పర్లాకిమిడిలోనే. వాడుకభాష కోసం ఆయన పడ్డ పాటు అక్కడ ఉంటూ పడిందే. నీ మాటలో ఒడియా కలిస్తే కలవనీ.

ఇప్పుడు లెక్క చూద్దాం. మామూలుగా ఒక చరణం 16 బార్లు. బార్ అంటే తాళంలో ఒక చుట్టు, బార్‌కి 4 దెబ్బలు. నిమిషానికి 90 దెబ్బల బీటు (మాటల వెనక నడిచే వాయిద్యం) మీద చరణం దాదాపు 43 సెకన్లు వస్తుంది. ఒక్కో బార్‌ని 16 మాత్రలు అనుకో. గురువుకి రెండు, లఘువుకి ఒకటి, బళ్లో ఛందస్సులో చెప్పిందే. ఇది చూడు:

సూరత్ రైలు ఎక్కాడు నాన్న
ఊరు చిన్నబోయింది నిన్న

మొదటిది 15 మాత్రలు, రెండోది 14. మిగిలింది ఊపిరికి. పదహారూ నింపేస్తే నాలుగో బార్ దగ్గర గొంతు పట్టేస్తుంది. రెండో అక్షరం రెండు చోట్లా రకారమే, అది ప్రాస. చివర నాన్న, నిన్న. కొత్తగా రాసేవాళ్లు వెళ్లాను, చూశాను, వచ్చాను అని క్రియలతో ప్రాస కడతారు. తెలుగులో అది ఎవరికైనా వస్తుంది, అందుకే మూడో లైనుకే విసుగు పుడుతుంది. చివర నామవాచకం పెట్టి చూడు.

రికార్డింగుకి ఫోను చాలు. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడు, గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని తగ్గుతుంది. నోటికి ఫోను జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడల్లా ఊపిరి కొట్టి బుస్సుమంటుంది. బీటు హెడ్‌ఫోన్లోనే విను, లేకపోతే అదీ రికార్డులోకి దూరుతుంది. ‘ఫ్రీ’ అని ఉన్న బీట్లు చాలావరకు డబ్బు సంపాదించనంతవరకే ఫ్రీ, వివరణ చదవకుండా వాడకు.

ఎవర్ని చూసి అంటే, మీ రాయగడ జిల్లాని ఆనుకునే ఉన్న కలహండిలో దుళేశ్వర్ తాండి ఉన్నాడు, దూలే రాకర్ పేరుతో పాడతాడు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల బాధని పడమటి ఒడిశా వాడుకభాష కోసలీలో, హిందీలో పాడి వినిపించాడు. పాడటానికి విషయం ఎక్కడ దొరుకుతుందో ఆయన దగ్గర నేర్చుకో. మీ బస్టాండులోనే దొరుకుతుంది.

ఈ పాటల్లో ఆడపిల్లల్ని అంత నీచంగా మాట్లాడతారే, మేమెలా ఇష్టపడాలి?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, రాయగడ

ఇష్టపడక్కర్లేదమ్మా. బీటు బాగుంది కదాని మాటని సర్దుకోవలసిన పని నీకు లేదు. నచ్చలేదని ఆ పాట పెట్టినవాళ్లతో గట్టిగా చెప్పు. అలాగే అమెరికా మహిళా ర్యాపర్ లారిన్ హిల్ పాటలు విను. 1999లో అమెరికా సంగీత బహుమతి గ్రామీల్లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ ఆమెకి వచ్చింది, హిప్‌హాప్‌కి, అంటే ర్యాప్ ఉన్న సంగీతానికి, ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. పాటల యాప్ సెట్టింగుల్లో బూతు పాటల్ని ఆపే మీట ఉంటుంది. కుటుంబ ఖాతా అయితే అమ్మ ఫోను నుంచే ఆపొచ్చు.

మా అబ్బాయి పాట విని ఎవరో ఫోన్ చేశారు. 15,000 కడితే ఆల్బమ్ చేస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. వాడికి 17 ఏళ్లు.
— ఒక తండ్రి, జయపురం

డబ్బు కట్టకండి. పాట నచ్చినవాడు తను డబ్బిస్తాడు, మిమ్మల్ని అడగడు. పద్దెనిమిది నిండనివాడి సంతకంతో ఒప్పందం చెల్లదు, అందుకే తర్వాత మీ సంతకం అడుగుతారు. అప్పుడు మూడు విషయాలు చూడండి. హక్కులు ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి, ప్రతిఫలం ఎంత. మన కాపీరైటు చట్టం ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ లెక్క. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉంటే సంతకం ఆపి, ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేసి ఆ కాగితం చదివించుకోండి. అసలు పాట ఫైలు, రాసిన నోట్‌బుక్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచండి.