ఆస్టిక్తిస్ విభాగం ఏమైంది? కొర్రమీను పెర్సిఫార్మిస్‌లో ఉందా, లేదా?

అనంతపురంలో డిగ్రీ చదువుతున్న మీరు రెండు విషయాలు అడిగారు. పాత నోట్సులో ‘ఆస్టిక్తిస్’, అంటే అస్థిచేపలు, ఒక విభాగంగా ఉండగా కొత్త పుస్తకాలు దాన్ని ఎందుకు పక్కన పెడుతున్నాయన్నది మొదటిది. కొర్రమీను ఏ క్రమానికి (ఆర్డర్‌కు) చెందుతుందన్నది రెండవది. కర్నూలులో చాలా ఏళ్లుగా జంతుశాస్త్రం బోధిస్తున్నాను కాబట్టి ఈ సందేహాలు నాకు కొత్త కావు.

ఆస్టిక్తిస్ అన్న పేరు పోలేదు, దాని పరిధి మారింది. అస్థిచేపల్లో రెండు శాఖలున్నాయి: రోహు, కట్ల, జెల్ల వంటి కిరణవాజ చేపలు (వాజం అంటే చేప రెక్క) ఒకటి, సీలకాంత్, ఊపిరితిత్తుల చేపల వంటి కండగల వాజాల చేపలు రెండవది. ఈ రెండవ శాఖ నుంచే నాలుగు కాళ్ల జంతువులు పుట్టాయనడానికి కెనడాలో 2004లో దొరికిన, సుమారు 37.5 కోట్ల సంవత్సరాల నాటి టిక్టాలిక్ శిలాజం గట్టి ఆధారం. తాత సంతానాన్ని లెక్క రాస్తూ ఊరు విడిచి వెళ్లిన కొడుకు పిల్లలను వదిలేస్తే ఆ లెక్క ఎలా తప్పుతుందో, కప్పలనూ పక్షులనూ మనలనూ వదిలేసిన ఆస్టిక్తిస్ కూడా అలాగే తప్పుతుంది. వంశక్రమం ప్రకారం చూస్తే ఊపిరితిత్తుల చేప రోహుకన్నా మేకకే దగ్గర.

సొరచేపల వంటి మృదులాస్థి చేపలు ముందు, అస్థిచేపలు తరువాత అని మెట్లు మెట్లుగా చెప్పే పద్ధతి కూడా నిలవదు. చైనాలోని యునాన్‌లో దొరికి 2013లో వెల్లడైన ఎంటెలోగ్నాథస్ అనే అతి పాత కవచచేపకు అస్థిచేపలలో ఉన్నటువంటి దవడ ఎముకలే ఉన్నాయి. కనుక ఎముక పాతది, దాన్ని చాలావరకు కోల్పోయినవి సొరచేపలే.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఊపిరితిత్తుల దగ్గర. వాయుకోశమే, అంటే చేప నీళ్లలో తేలడానికి తోడ్పడే గాలితిత్తే, మారి ఊపిరితిత్తి అయిందని డార్విన్ 1859లో భావించాడు, కానీ ఇప్పటి ఆధారాలు అందుకు ఎదురుగా ఉన్నాయి. తొలి అస్థిచేపలకే ఊపిరితిత్తులుండేవి, కిరణవాజ చేపల్లో చాలావాటిలో అవి వాయుకోశంగా మారాయి. ఆఫ్రికాలోని పాలిప్టెరస్ అనే కిరణవాజ చేపకు నేటికీ ఊపిరితిత్తులే ఉన్నాయి. అయితే మన చేపల మార్కెట్లో టబ్బులోని కొద్దిపాటి నీళ్లలో కొర్రమీను మాటిమాటికీ మూతి పైకెత్తి గాలి మింగడం చూసి, అది ఆ పాత ఊపిరితిత్తుల గుర్తేనని చాలామంది రాస్తారు. అది సరికాదు. మార్కెట్లో తల కొట్టించి తెచ్చుకున్నప్పుడు మొప్పల మూత ఎత్తి చూడండి, మొప్పల పైభాగాన ఒక చిన్న గది, అందులో రక్తనాళాలు నిండిన ఎర్రటి ముడతలు కనిపిస్తాయి. కొర్రమీను గాలి పీల్చేది వాటితోనే, పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. దాని వాయుకోశం గొంతుతో సంబంధం లేకుండా మూసుకొని ఉంటుంది. అంటే ఇది చాలా తరువాత, విడిగా వచ్చిన ఏర్పాటు.

అదే రోహులో వాయుకోశానికి మరో పని ఉంది. తలను వేడినీళ్లలో కొంచెంసేపు ఉంచి, వెన్ను మొదట్లోని కండను జాగ్రత్తగా తీస్తే ట్రైపస్ అనే చిన్న ఎముక బయటపడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త వేబర్ 1820లో వర్ణించిన ఎముకల వరుసలో ఇదే పెద్దది, వాయుకోశానికి తగిలే ధ్వనిని లోపలి చెవికి చేరవేసేది ఈ వరుసే. జెల్లలోనూ ఇది ఉంది కాబట్టి, పొలుసులున్న రోహు, పొలుసులు లేని జెల్ల ఒకే గుంపులోకి వస్తాయి.

ఇక పాత పుస్తకాలు కొర్రమీనును చేర్చిన పెర్సిఫార్మిస్ క్రమం విషయానికి వస్తే, అందులో ఒకప్పుడు దాదాపు 10,000 జాతులుండేవి. నా దృష్టిలో అది క్రమం కన్నా, ఎక్కడా ఇమడని చేపలను వేసిన గోదాము. 2013 తరువాత డీఎన్‌ఏ ఆధారంగా దాన్ని విడగొట్టినప్పుడు తిలాపియా సిక్లిఫార్మిస్‌కు, కొర్రమీను అనాబాంటిఫార్మిస్‌కు వెళ్లాయి. పాములా కనిపించే బొమ్మిడాయికి దగ్గరి చుట్టం మలుగుపాము కాదు, ఈ కొర్రమీనే. మలుగుపాము గుంపు పిల్లలు సముద్రంలో ఆకులా పలుచగా, పారదర్శకంగా పుడతాయి, బొమ్మిడాయికి అటువంటి దశే లేదు.

మీ సిలబస్ పాతదైతే పరీక్షలో క్రమం దాని ప్రకారమే రాయండి. ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ కింద ప్రజాతి చన్నా, కుటుంబం చన్నిడే అని రాస్తే చాలు, ఎందుకంటే ఈ మార్పులో కదిలింది క్రమమే కాని కుటుంబం కాదు. ఇంకా పాత పుస్తకాల్లో ఒఫియోసెఫాలస్ అని ఉన్నదీ ఈ చేపే.