చిన్నా, ఈ సంగతి దాచకు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ ఉద్యోగం పోయిందనీ, ఇంకొకటి దొరికేదాకా కోడలి జీతంతోనే గడుపుకోవాలని ఇద్దరూ కూర్చుని అనుకున్నారనీ, చిన్న ఇంటికి మారి కారు అమ్మేస్తున్నారనీ చెప్పింది. దిగులేసింది, దాని వెనకే గర్వం కూడా వచ్చింది, ఎందుకంటే ఆ మాత్రం తెలివి మాకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, మీకు పది రోజుల్లో వచ్చింది. కానీ పెట్టేసే ముందు గొంతు తగ్గించి "ఎవరికీ చెప్పొద్దన్నాడక్కా" అంది చూడు, ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు నీకు తెలిసినవే చెప్పేస్తాను. ఖర్చులన్నీ రాసుకోండి. ఇన్సూరెన్స్, పాప ఫీజు లాంటి ఏడాదికోసారి వచ్చేవాటిని 12తో భాగించి నెల ఖర్చులోనే వేసుకోండి, సంసారాన్ని తలకిందులు చేసేవి ఇలా మర్చిపోయిన ఖర్చులే. ఆరోగ్య బీమా మాత్రం ఆపకండి. నీ చదువు లోన్ కట్టడం కష్టమయ్యేట్టుంటే కిస్తీ తప్పకముందే బ్యాంకుకి వెళ్లి గడువు పెంచమని అడుగు, మొత్తం మీద వడ్డీ ఎక్కువ పడుతుంది గానీ నెల నెలా ఊపిరాడుతుంది.

క్రెడిట్ కార్డు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. కనీస మొత్తం కట్టేస్తే ఆలస్య రుసుము తప్పుతుందేమో గానీ మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నెలకు 3 శాతమే కదా అనుకుంటాం. 72ని ఆ వడ్డీతో భాగించి చూడు, ఏమీ కట్టకుండా వదిలేస్తే ఎన్ని నెలల్లో అప్పు రెట్టింపవుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. 24 నెలలు! ఈ లెక్క ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బావుండేది.

ఇక నేను రాయాలని కూర్చున్నది ఇది.

మీ పెదనాన్న ఉద్యోగం పోయేనాటికి నువ్వింకా పాకుతున్నావు. మేం ఎవరికీ చెప్పలేదు. ఆయన రోజూ అదే టైముకి బ్యాగు తగిలించుకుని బయటికెళ్లి ఎక్కడెక్కడో తిరిగి సాయంత్రం ఇంటికొచ్చేవారు. దాచుదామన్నది నేనే, ఆయన కాదు. ఈ మాట మీ అమ్మకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. దాచాలంటే పైకి ఏదీ మారకూడదు కదా, అందుకని చుట్టాలొస్తే అవే మర్యాదలు, శుభకార్యాలకి వెళ్తే అంతే పెట్టడాలు, అన్నీ వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే. జీతం ఉన్నప్పటికంటే లేనప్పుడే ఎక్కువ ఖర్చు పెట్టాం.

అప్పుడే ఒకరోజు పక్కింటావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి పరీక్ష ఫీజుకి కొంచెం సర్దమని అడిగింది. ఆ రోజు నా దగ్గర నిజంగానే లేవు. "మా దగ్గరా లేవు వదినా" అంటే సరిపోయేది. లేవంటే ఎందుకు లేవని అడుగుతుందేమో, సంగతి బయటపడుతుందేమోనని భయమేసి, ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, "పోయినసారివి తీర్చడానికే రెండు నెలలు చేశారు, మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడుగుతారు" అన్నాను. ఆ పిల్లాడు వింటూనే ఉన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, వాడి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లిపోయింది. లేవని చెప్పుకోలేక ఇంకొకరి లేమిని ఎత్తిపొడిచాను చిన్నా.

ఎనిమిదో నెలలో అప్పిచ్చినాయన వచ్చి ఇంటి ముందు గొడవ చేస్తే అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చి, "మీరేదైనా పనిలో చేరండి వదినా, సాయంత్రం దాకా పిల్లల్ని నేను చూస్తాను" అంది. ఏడాదిన్నర చూసింది. నేను మొదటి నెలలోనే నోరు విప్పి ఉంటే అప్పుడే వచ్చేది ఆ మనిషి, ఆ అప్పులే ఉండేవి కావు. ఆ రోజన్న మాటకి తప్పయిందని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పేలోపే వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయారు.

అందుకే, ఊరంతా చాటమనను గానీ మీ అత్తగారింట్లో చెప్పు, పాపకి అర్థమయ్యేటట్టు చెప్పు, నీతో పనిచేసినవాళ్లకి చెప్పు. నువ్వు ఖాళీగా ఉన్నావని తెలియకపోతే ఉద్యోగం ఉందని నీకెవరు చెప్తారు? ఇంట్లో పనిచేసే అమ్మాయిని మానిపించాల్సి వస్తే ఒక నెల ముందే చెప్పు, ఆమెకీ ఇల్లుంది, ఆమె జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు. కోడలు సంపాదిస్తోందని మొహం ముడుచుకున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను, వంటిల్లు నువ్వు చూసుకో.

నీ మొహమాటం సంగతి కూడా నాకు తెలుసు. వాన పడుతుంటే నీ గొడుగు ఎవరో పిల్లాడికి ఇచ్చేసి తడుస్తూ వచ్చి నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నవాడివి. జ్వరంలో కూడా ఆ పిల్లాడు తడవకుండా ఇల్లు చేరాడా అనే అడిగావు. ఇప్పుడు కూడా ఎవరైనా అడిగితే, తిరిగి రాకపోయినా బాధపడనంత ఉంటే ఇవ్వు, లేకపోతే లేవని నెమ్మదిగా చెప్పు. ఎవరి అప్పుకీ హామీ సంతకం మాత్రం పెట్టకు. వాళ్లు కట్టకపోతే బ్యాంకు ఆ బాకీ మొత్తం నిన్నే కట్టమని అడగొచ్చు.

ఇంటర్వ్యూలకి తిరిగే రోజుల్లో పాపని నా దగ్గర వదిలెయ్యి. ఏడాదిన్నరైనా సరే. ఎన్నింటికి తీసుకొస్తావో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

పెద్దమ్మ