తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌కీ, వ్యాసానికీ ఇంట్లోనే ఎలా సిద్ధం కావాలి?

విజయనగరంలోనే ఉండి, కోచింగ్ కోసం విశాఖ వెళ్లకుండా ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకి రాసే ఇంగ్లీషు పరీక్ష) అకడమిక్ రీడింగ్‌కీ, రైటింగ్‌లో రెండో ప్రశ్నగా వచ్చే టాస్క్ 2 వ్యాసానికీ సిద్ధం కావచ్చా అని అడిగారు. కావచ్చండీ. నాది శ్రీకాకుళం, ఇంటర్ దాకా తెలుగు మీడియమే, ఇంట్లో చదువుకునే రాశాను. గట్టిగా చెప్పేది ఒక్కటే: ఈ రెండింటినీ వేర్వేరు సబ్జెక్టుల్లా చదవకండి.

రీడింగ్‌లో గంటకి 3 పాసేజీలు, 40 ప్రశ్నలు. జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించుకోవడానికి విడిగా టైం ఇవ్వరు. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్: ఇచ్చిన వాక్యం పాసేజీ ప్రకారం నిజమా, తప్పా, అసలు పాసేజీలో ఆ సంగతే లేదా అని చెప్పాలి. పాసేజీలో "పొందూరు ఖాదీకి పత్తిని యంత్రంతో కాకుండా వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు" అని ఉందనుకోండి. "యంత్రంతో శుభ్రం చేస్తారు" అని అడిగితే ఫాల్స్. "ఇలా ఇంకెక్కడా చేయరు" అని అడిగితే? పొందూరు మా శ్రీకాకుళం జిల్లాదే, మన వైపు సంగతి కదా, ట్రూ పెట్టెయ్యాలనిపిస్తుంది. కానీ పాసేజీ ఆ ఊసే ఎత్తలేదు, కాబట్టి నాట్ గివెన్. ప్రాక్టీసులో ప్రతి జవాబుకీ ఆధారమైన వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టండి.

ఇక వ్యాసం. రోజూ హిందూ ఎడిటోరియల్ ఒకటి తీసుకునేదాన్ని. పక్కన తెలుగులోనే రాసుకునేదాన్ని: ఏమంటున్నారు, ఎందుకంటున్నారు, కాదనేవాళ్లకి ఏం జవాబు చెబుతున్నారు. తర్వాత పేపరు మూసేసి, అదే వరుసలో దానికి ఎదురు వాదన ఇంగ్లీషులో రాయడం. నాకు రీడింగ్ వేగం కూడా దీనితోనే పెరిగింది.

టాస్క్ 2కి కనీసం 250 పదాలు, సుమారు 40 నిమిషాలు. మొదటి టాస్కు కంటే దీనికి రెట్టింపు విలువ. మీకు తెలిసినవో, అనుభవంలోవో ఉదాహరణలు ఇమ్మని ప్రశ్నలోనే ఉంటుంది. చేతివృత్తులకి ప్రభుత్వం డబ్బు పెట్టాలా అని వస్తే "అవి మన సంస్కృతి" అని రాసి ఊరుకుంటే ఎవరూ ఒప్పుకోరు. పొందూరులో నూలు చేత్తోనే వడుకుతారు, అందుకే బట్ట ఖరీదెక్కువ, కొనేవాళ్లు తగ్గితే వడికే ఆడవాళ్లు వేరే కూలికి పోతారు, ఆ పనితనం మళ్లీ రాదు అని రాయండి. వెంటనే "మిల్లు బట్ట చవగ్గా దొరుకుతుంటే ప్రజల డబ్బు ఇక్కడెందుకు" అనే మాట కూడా మీరే ఎత్తి, దానికి జవాబు చెప్పండి. వాదనకి బలం అక్కడే వస్తుంది. బట్టీ పట్టిన రెడీమేడ్ వాక్యాలు మాత్రం వద్దు, ఎగ్జామినర్లు ఇట్టే పట్టేస్తారు, బ్యాండ్ (స్కోరు) తగ్గుతుంది.

కోచింగ్ లేకపోయినా దిద్దే మనిషి కావాలి. మీ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్‌ని అడగండి, వారానికి ఒక వ్యాసమైతే కాదనరు. స్కోరు 2 ఏళ్లే చెల్లుతుంది, అడ్మిషన్ ఎప్పుడో చూసుకుని డేట్ బుక్ చేసుకోండి.