చిన్న బోర్డు మీద పాత ఆటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత ఆటల ఎమ్యులేషన్ (పాత ఆట మెషీన్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడం) గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది తమ రాస్ప్‌బెర్రీ పై బోర్డు (చిన్న కంప్యూటర్) సరిగ్గా పనిచేయడం లేదని అనుమానపడ్డారు. వాళ్ళు రాసిన లక్షణాలను బట్టి చూస్తే సమస్య చాలావరకు కరెంటులోనో, మెమరీ కార్డులోనో, ఆట ఫైలు వెర్షన్‌లోనో ఉంది. కొత్త బోర్డు కొనే ముందు ఈ మూడూ చూసుకోండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ తీసుకోవాలా, పై 4 తీసుకోవాలా, పై 5 తీసుకోవాలా? తక్కువ ఖర్చులో పని జరగాలి.

జవాబు: ముందు ఏ మెషీన్ ఆటలు ఆడాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్‌ఈఎస్, మెగా డ్రైవ్, గేమ్ బాయ్ అడ్వాన్స్, చాలావరకు సూపర్ నింటెండో, చాలావరకు మొదటి ప్లేస్టేషన్ అయితే జీరో 2 డబ్ల్యూ చాలు. అందులో 1 గిగాహెర్ట్జ్ వేగంతో నాలుగు ప్రాసెసర్ కోర్లు, 512 ఎంబీ ర్యామ్ ఉంటాయి. సూపర్ నింటెండోలోనూ సూపర్ ఎఫ్‌ఎక్స్ చిప్ ఉన్న ఆటలు (స్టార్ ఫాక్స్, యోషీస్ ఐలాండ్ లాంటివి) దానికి బరువే. వాటికి స్నెస్9ఎక్స్ 2005 లేదా 2010 కోర్ (ఇక్కడ కోర్ అంటే ఆటను నడిపే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్) పెడితే కొంత నయం. నింటెండో 64 కావాలంటే మాత్రం జీరో 2 డబ్ల్యూ జోలికి వెళ్ళొద్దు.

నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్, పీఎస్‌పీ మీ జాబితాలో ఉంటే పై 4 నుంచి మొదలుపెట్టండి. 2 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఎక్కువ ర్యామ్ ఉన్నంత మాత్రాన ఆట వేగం పెరగదు, ఎమ్యులేటర్‌కి ముఖ్యంగా కావలసింది ఒక్కో ప్రాసెసర్ కోర్ వేగం. నింటెండో 64లో పై 4 కూడా అన్ని ఆటలనూ సాఫీగా నడపలేదు. పై 5 వీటన్నిటికీ మరింత ఊపిరి ఇస్తుంది.

బోర్డు ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోకండి. జీరో 2 డబ్ల్యూకి మినీ హెచ్‌డీఎంఐ కేబుల్ లేదా అడాప్టర్, మైక్రో యూఎస్‌బీ ఓటీజీ అడాప్టర్, రెండు కంట్రోలర్లు తగిలించాలంటే ఒక యూఎస్‌బీ హబ్ కావాలి. పై 4, పై 5లకు మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. పై 5లో 3.5 ఎంఎం ఆడియో జాక్ లేదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: పై 5లో రెట్రోపై (పాత ఆటలు నడిపే సాఫ్ట్‌వేర్) కార్డు పెడితే అసలు బూట్ కావడం లేదు. కార్డు పోయిందా?

జవాబు: కార్డు బాగానే ఉండి ఉంటుంది. 2022 మార్చిలో వచ్చిన రెట్రోపై 4.8 రెడీమేడ్ ఇమేజ్ (కార్డు మీద రాసే సిద్ధమైన ఫైలు) పై 4, పై 400 వరకే. పై 5 ఆ తర్వాత 2023లో వచ్చింది కాబట్టి ఆ ఇమేజ్‌తో బూట్ కాదు. రెండు దారులున్నాయి. రెట్రోపై లాంటివే అయిన లక్కా, రీకాల్‌బాక్స్, బటోసెరాల్లో పై 5 కోసం విడిగా ఇమేజ్‌లు ఉన్నాయి, ఒకటి దించుకుని రాసేయండి. రెట్రోపై మాత్రమే కావాలంటే ముందు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ ఎక్కించి, దాని మీద రెట్రోపై సెటప్ స్క్రిప్టును గిట్ ద్వారా తెచ్చి నడిపి, ‘బేసిక్ ఇన్‌స్టాల్’ ఎంచుకోండి. చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపొద్దు.

కార్డు రాయడానికి రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ వాడండి. అందులో ఎమ్యులేషన్ ఓఎస్‌లకు ప్రత్యేక విభాగమే ఉంది. రాయడం అయ్యాక విండోస్ ‘ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. లైనక్స్ భాగం విండోస్‌కి అర్థం కాక అలా అడుగుతుందంతే. క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్ చేస్తే రాసిందంతా పోతుంది.

ప్రశ్న: తెర మూలన పసుపు రంగు మెరుపు గుర్తు వస్తోంది. పది నిమిషాలు ఆడాక శబ్దం చిటపటలాడి ఆట నెమ్మదిస్తోంది. ఫోన్ ఛార్జర్ మీద 3 ఆంపియర్లు అని రాసి ఉంది.

జవాబు: మీ ఛార్జర్ 3 ఆంపియర్లు ఇవ్వగలదేమో కానీ బోర్డు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతోంది. సుమారు 4.63 వోల్టుల కిందికి వెళ్ళగానే ఆ మెరుపు గుర్తు వస్తుంది. సన్నటి పొడవైన కేబుల్‌లోనే అర వోల్టు దాకా పోవచ్చు. అందుకే రాస్ప్‌బెర్రీ పై కోసం చేసిన అడాప్టర్లు 5 కాకుండా 5.1 వోల్టులు ఇస్తాయి. పై 4కి 3 ఆంపియర్ల అడాప్టర్, జీరో 2 డబ్ల్యూకి 2.5 ఆంపియర్లది తీసుకోండి. కేబుల్ దానికే అతికి ఉంటే మంచిది. పై 5కి 5 ఆంపియర్లది కావాలి. 3 ఆంపియర్లదే పెడితే బోర్డు యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, అప్పుడు హార్డ్ డిస్క్ తగిలిస్తే ఆగిపోతుంది.

ఇది కరెంటు వల్లా, వేడి వల్లా అని తేల్చుకోవడానికి టెర్మినల్‌లో vcgencmd get_throttled అనే ఆదేశం ఇవ్వండి. జవాబు 0ఎక్స్0 అయితే బూట్ అయినప్పటి నుంచి ఏ ఇబ్బందీ లేదు. 0ఎక్స్50005 అయితే ఈ క్షణాన వోల్టేజీ తక్కువ ఉంది, వేగమూ తగ్గించి ఉంది. 0ఎక్స్50000 అయితే ఇప్పుడు బాగానే ఉంది కానీ బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి అలా జరిగింది. ఆట నెమ్మదించిన వెంటనే బయటికి వచ్చి చూడండి. మళ్ళీ బూట్ చేశాక చూస్తే పాత గుర్తు చెరిగిపోయి ఉంటుంది.

జవాబులో వోల్టేజీ గుర్తు లేకుండా వేగం తగ్గిన గుర్తే ఉంటే అది వేడి. పై 4 సుమారు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించడం మొదలుపెడుతుంది. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే ముందు మూత తీసి ఆడి చూడండి. తేడా కనిపిస్తే హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ పెట్టండి. కరెంటు సంగతి తేలకుండా ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్ వేగం పెంచడం) జోలికి మాత్రం పోవద్దు, వోల్టేజీ ఇంకా పడిపోయి కార్డులోని ఫైళ్ళే పాడవుతాయి.

ప్రశ్న: ఆర్కేడ్ ఆటల జిప్ ఫైళ్ళు ఫోల్డర్లో పెట్టాను. సగం నడుస్తున్నాయి, సగం నల్ల తెర చూపించి వెనక్కి వచ్చేస్తున్నాయి. అవే ఫైళ్ళు మా కంప్యూటర్లో బాగా నడుస్తున్నాయి.

జవాబు: ఈ నెల ఎక్కువ మంది అడిగినది ఇదే. ఆర్కేడ్ ఆట ఫైలు క్యాసెట్ ఆట ఫైలులాగా ఒకే ముక్క కాదు. అసలు మెషీన్ లోపలి బోర్డు మీద ఆట డేటా ఉన్న చిప్‌లు (రోమ్) ఎన్నున్నాయో ఆ జిప్‌లో దాదాపు అన్ని ఫైళ్ళుంటాయి. మేమ్ అనే ఆర్కేడ్ ఎమ్యులేటర్ చేసే బృందం ఏళ్ళుగా ఆ చిప్‌లను మరింత సరిగ్గా చదివించి కొత్త వెర్షన్లు విడుదల చేస్తూ వచ్చింది. ఫైళ్ళ పేర్లూ మారాయి, కొత్త చిప్‌లూ చేరాయి. కాబట్టి జిప్ ఏ వెర్షన్‌దో, దాన్ని నడిపే ఎమ్యులేటర్ కూడా ఆ వెర్షన్‌దే కావాలి. మీ కంప్యూటర్లో కొత్త మేమ్ ఉంటుంది. బోర్డులో తేలికగా నడిచే మేమ్ 2003 కోర్‌కి 0.78 సెట్ (ఆ వెర్షన్ జిప్‌ల సముదాయం) కావాలి. మేమ్ 2000కి 0.37బీ5, మేమ్ 2010కి 0.139. ఎఫ్‌బీనియో అనే మరో ఆర్కేడ్ కోర్ మాత్రం కొత్త సెట్‌ను అనుసరిస్తూ పోతుంది.

జీరో 2 డబ్ల్యూ అయితే మేమ్ 2003, 0.78 సెట్‌తో మొదలుపెట్టండి. పై 4, ఆ పైన అయితే ముందు ఎఫ్‌బీనియో. ఒక ఆట ఒక కోర్‌లో రాకపోతే, ఆట మొదలవుతున్నప్పుడు కనిపించే తెర మీద ఏదైనా బటన్ నొక్కండి. రెట్రోపైలో ఒక మెనూ తెరుచుకుంటుంది. అందులో ఆ ఒక్క ఆటకి వేరే ఎమ్యులేటర్ ఎంచుకోవచ్చు.

ఇంకొన్ని జాగ్రత్తలు. జిప్ పేరు మార్చొద్దు. మీకు ముద్దుగా అనిపించిన పేరు పెడితే ఎమ్యులేటర్ ఆటను గుర్తుపట్టదు, పెద్ద పేరు చూపించే పని మెనూ చేస్తుంది. జిప్‌ను విప్పొద్దు. నియో జియో ఆటలకు ‘నియోజియో’ అనే బయోస్ (మెషీన్ సొంత ప్రోగ్రామ్) జిప్ ఆటలున్న ఫోల్డర్లోనే ఉండాలి. ఒక ఆటకి జపాన్ వెర్షన్, అమెరికా వెర్షన్ ఉంటే, ‘స్ప్లిట్’ సెట్‌లో చిన్న జిప్‌లో తేడాలు మాత్రమే ఉంటాయి. అసలు ఆట జిప్ పక్కన లేకపోతే అది నడవదు. ‘నాన్-మర్జ్‌డ్’ సెట్‌లో ఈ గొడవ లేదు, స్థలం మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. చేతిలో ఉన్న సెట్ ఏదో తెలియకపోతే, ఆ కోర్ తాలూకు డాట్ ఫైలుతో (ఉండాల్సిన ఫైళ్ళ జాబితా) క్లర్‌మేమ్‌ప్రో అనే ప్రోగ్రామ్‌లో స్కాన్ చేయండి. ఏ జిప్‌లో ఏ చిప్ ఫైలు తక్కువైందో పేరుతో సహా చెబుతుంది.

ప్రశ్న: ప్లేస్టేషన్ ఆటలు కొన్ని అసలు మొదలు కావడం లేదు. రెండు డిస్కుల ఆటలో రెండో డిస్కుకి వెళ్ళేసరికి సేవ్ కనపడటం లేదు.

జవాబు: బయోస్ ఫైలు చూడండి. ఎస్‌సీపీహెచ్5501 అనే బిన్ ఫైలు 524288 బైట్లు ఉండాలి, పేరులో అన్నీ చిన్న అక్షరాలే ఉండాలి. లైనక్స్ పెద్ద అక్షరాన్ని వేరే పేరుగా చూస్తుంది. అది రెట్రోపైలోని బయోస్ ఫోల్డర్లో నేరుగా ఉండాలి, ఆటల ఫోల్డర్లో కాదు. బయోస్ లేకపోయినా కొన్ని ఆటలు నడుస్తాయి. అందుకే మీకు కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు.

తర్వాత డిస్కు వివరాలుండే క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో ఆట డేటా ఉన్న బిన్ ఫైలు పేరు రాసి ఉంటుంది. బిన్ పేరు మార్చి క్యూలో మార్చకపోతే ఆట రాదు. ఈ తంటా వద్దనుకుంటే, క్యూ సరిగ్గా ఉన్నప్పుడే సీహెచ్‌డీమ్యాన్ అనే ప్రోగ్రామ్‌తో సీహెచ్‌డీగా మార్చండి. ఒకే ఫైలు అవుతుంది, స్థలమూ కలిసి వస్తుంది.

రెండు డిస్కుల ఆటకి ఎం3యూ ఫైలు చేయండి. నోట్‌ప్యాడ్‌లో వరుసకి ఒకటి చొప్పున డిస్కుల సీహెచ్‌డీ పేర్లు రాసి, ఆట పేరుతో సేవ్ చేయడమే. ఇక నుంచి ఎం3యూ నుంచే ఆట మొదలుపెట్టండి. మెమరీ కార్డు ఆ పేరుతో ఒకటే ఏర్పడుతుంది కాబట్టి రెండో డిస్కులోనూ సేవ్ కనిపిస్తుంది. డిస్కు మార్చమని ఆట అడిగినప్పుడు రెట్రోఆర్చ్ (కోర్లను నడిపే ప్రోగ్రామ్) మెనూలోని డిస్క్ కంట్రోల్‌లో ఎజెక్ట్ చేసి, నంబరు మార్చి, ఇన్సర్ట్ చేయండి.

ప్రశ్న: ఆటలో సేవ్ చేశాకే స్విచ్ కట్టేశాను. మర్నాడు చూస్తే సేవ్ లేదు.

జవాబు: ఆటలోపల చేసిన సేవ్‌ను రెట్రోఆర్చ్ ర్యామ్‌లో ఉంచుకుని, ఆట నుంచి సరిగ్గా బయటికి వచ్చినప్పుడు కార్డు మీద రాస్తుంది. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కి మెనూకి రండి, అక్కడి నుంచి షట్‌డౌన్ చేసి, బోర్డు లైటు మినుకుమనడం ఆగాక స్విచ్ కట్టండి. కరెంటు పోతూ వస్తూ ఉండే చోటైతే సేవింగ్ సెట్టింగుల్లో ‘సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్’ను 30 సెకన్లు పెట్టి, కాన్ఫిగరేషన్ ఫైల్ మెనూలో ప్రస్తుత కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయండి. రెట్రోపైలో ఆ చివరి పని చేయకపోతే సెట్టింగ్ నిలవదు.

సెలెక్ట్‌తో కుడి భుజం బటన్ నొక్కితే వచ్చే సేవ్ స్టేట్ వెంటనే కార్డు మీదికి వెళ్తుంది. కానీ కోర్ అప్‌డేట్ అయ్యాక పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు. నెలల తరబడి ఆడే ఆటకి ఆటలోపలి సేవే నమ్మకం.

ప్రశ్న: బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా ఎగురుతోంది.

జవాబు: ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. ఆలస్యంలో పెద్ద వాటా సాధారణంగా టీవీ చేసే చిత్ర సవరణదే. తర్వాత కంట్రోలర్‌ను వైర్‌తో తగిలించి తేడా చూడండి. అప్పటికీ చాలకపోతే రెట్రోఆర్చ్‌లో ‘థ్రెడెడ్ వీడియో’ ఆపి, రన్-అహెడ్ (ఆటను కొన్ని ఫ్రేములు ముందుగా లెక్కించి ఆలస్యం తగ్గించే సెట్టింగ్) వాడండి. ఎంత పెట్టాలో ఊహించనక్కర్లేదు. కీబోర్డు తగిలించి పీ నొక్కి ఆటను ఆపండి, ఎగిరే బటన్ పట్టుకుని కే నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. మూడో నొక్కుకి బొమ్మ కదిలితే రన్-అహెడ్ 2. అంతకు మించితే కదలికలో ఫ్రేములు ఎగిరిపోతాయి. ఒక్కో ఫ్రేమ్ అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఇది ప్రాసెసర్‌కి భారం కాబట్టి జీరో 2 డబ్ల్యూలో పాత 8-బిట్ ఆటలకే పెట్టుకోండి.

ఆట మొత్తం, పాటతో సహా, నెమ్మదిగా ఉందనిపిస్తే అది వేరే విషయం. మీ ఫైలు 50 హెర్ట్జ్ యూరప్ వెర్షన్ కావచ్చు. 50 హెర్ట్జ్‌కి సర్దుబాటు చేయని ఆట అందులో 60 హెర్ట్జ్ వెర్షన్ కంటే ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది.

ప్రశ్న: ఒకే రకం ఆర్కేడ్ ఎన్‌కోడర్ బోర్డులు (బటన్ల వైర్లను యూఎస్‌బీకి కలిపేవి) రెండు బిగించాను. ఒకదాని బటన్లు సరిచేస్తే రెండోదానివి చెడుతున్నాయి.

జవాబు: రెట్రోఆర్చ్ కంట్రోలర్ పేరును బట్టి సెట్టింగుల ఫైలు వెతుకుతుంది. మీ రెండు ఎన్‌కోడర్ల పేరూ ఒకటే, కాబట్టి ఫైలూ ఒకటే. సాఫ్ట్‌వేర్‌లో కుస్తీ పట్టకుండా, రెండో బోర్డు వైర్లను మొదటిదాని క్రమంలోనే పిన్నుకి పిన్ను బిగించండి. మొదటి ఆటగాడు, రెండో ఆటగాడు తారుమారవుతుంటే ప్రతిదాన్నీ ఎప్పుడూ అదే యూఎస్‌బీ పోర్టులో ఉంచండి.

ప్రశ్న: పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి పై 4 తగిలిస్తే బొమ్మ రాలేదు, గుర్రుమని శబ్దం వస్తోంది.

జవాబు: కేబుల్ తప్పు. పై 4 ఆడియో జాక్‌లో కొన నుంచి వరుసగా ఎడమ ఆడియో, కుడి ఆడియో, గ్రౌండ్, వీడియో ఉంటాయి. క్యామ్‌కార్డర్ కేబుళ్ళలో ఈ క్రమం వేరుగా ఉండొచ్చు. మల్టీమీటర్‌తో చూసి సరైనది ఎంచుకోండి. పై 4లో కాంపోజిట్ వీడియో (పాత టీవీలకు వెళ్ళే వీడియో) మొదట్లో ఆపి ఉంటుంది, కాన్ఫిగ్ ఫైలులో తెరవాలి.

ప్రశ్న: వేల ఆటలు నింపిన కార్డులు అమ్ముతున్నారు. కొనొచ్చా?

జవాబు: వద్దు. ఆ ఆటలకు హక్కుదారుల అనుమతి ఉండదు. స్నెస్9ఎక్స్, మేమ్ 2003 లాంటి ఎమ్యులేటర్ల లైసెన్సు కూడా వాటిని వ్యాపారానికి వాడనివ్వదు. పైగా అలాంటి కార్డుల్లో సామర్థ్యం అబద్ధం చెప్పేవి ఉంటాయి. పేరున్న ఏ1 తరగతి 32 జీబీ కార్డు విడిగా కొని, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నింపి పరీక్షించి, మీ దగ్గరున్న క్యాసెట్లు, డిస్కుల నుంచి మీరే ఫైళ్ళు తీసుకోండి. అంతవరకు సెటప్ పరీక్షించడానికి మేమ్ వెబ్‌సైటులో వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఇస్తున్న రాబీ రోటో, గ్రిడ్లీ సరిపోతాయి.