పాస్‌పోర్టు మారితే పొలం, సీటు, ఓటు ఏమవుతాయి?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. నిరుడు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ల గడువుంది. సంక్రాంతికి దాని మీదే రావచ్చా? మావారు తన పేర ఉన్న నాలుగెకరాల మాగాణి వాడికి గిఫ్టు డీడ్ రాద్దామంటున్నారు. రాయవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: రెండూ వద్దమ్మా. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను మరో దేశ పౌరసత్వం తీసుకున్నవారికి ఆ క్షణంలోనే ఇక్కడి పౌరసత్వం పోతుంది. ఎవరూ ప్రత్యేకంగా రద్దు చేయనక్కర్లేదు. అక్కడ ప్రమాణం చేసిన రోజు నుంచీ ఇండియన్ పాస్‌పోర్టు చెల్లదు, దాని మీద ఏ తేదీ అచ్చయి ఉన్నా సరే. దానితో ప్రయాణం చేస్తే జరిమానా పడుతుంది.

ముందు అమెరికా పాస్‌పోర్టు తీసుకోవాలి. తర్వాత పాత ఇండియన్ పాస్‌పోర్టును, నేచురలైజేషన్ సర్టిఫికెట్ నకలును కలిపి దరఖాస్తు పెట్టి సరెండర్ సర్టిఫికెట్ పొందాలి. అది జతచేసి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అప్లై చేయాలి. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పేర్ల దగ్గరే. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఇంటిపేరులోని మొదటి అక్షరం మాత్రమే. రెండు పాస్‌పోర్టుల్లో పేరు తేడాగా ఉంటే దానికి రుజువు ముందే సిద్ధం చేసుకోమనండి.

ఓసీఐ పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉంది కాబట్టి రెండో పౌరసత్వమే అనుకుంటారు. కాదు. అది జీవితకాలపు వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఉండవచ్చు, ఇల్లో ఫ్లాటో కొనుక్కోవచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు, సాధారణంగా ప్రభుత్వోద్యోగమూ లేదు. పుట్టిన ఊళ్లో ఓటు లేకపోవడం బాధగానే ఉంటుంది. కానీ ఆ సంగతి ప్రమాణం చేయకముందే తెలిసుండాలి.

ఇక పొలం. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారై గానీ, ఓసీఐ గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. దానంగా కూడా పుచ్చుకోకూడదు, ఇచ్చేది కన్నతండ్రి అయినా సరే. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అందుకే గిఫ్టు డీడ్ కాదు, వీలునామా రాయించండి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే క్షేమం. ఆ తర్వాత మీ అబ్బాయి ఎప్పుడైనా అమ్మదలిస్తే, ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి. డల్లాస్‌లోనే ఉన్న స్నేహితుడికి అమ్మితే చెల్లదు. అడంగల్, 1బీ అనే భూమి రికార్డుల్లో మీవారి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆయన ఉండగా తేలిగ్గా దిద్దుకునే తప్పు, తర్వాత కొడుకును సముద్రం అవతలి నుంచి తిప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి 2008లో న్యూజెర్సీలో పుట్టింది. మరుసటి ఏడాదే ఓసీఐ తీసుకున్నాం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. నీట్ రాసి మామూలు సీటుకు పోటీ పడవచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఓసీఐ విద్యార్థులను ఎన్నారై, సూపర్‌న్యూమరరీ (మామూలు సీట్లకు అదనంగా ఇచ్చే) సీట్లకే పరిమితం చేసింది. దీని మీద 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: ఈ ఆంక్ష ఆ తేదీ తర్వాత ఓసీఐ పొందినవారికే వర్తిస్తుంది. మీ అమ్మాయి కార్డు అంతకు ముందుదే కాబట్టి దారి తెరిచే ఉంది. అయితే మధ్యలో కార్డు రీఇష్యూ చేయించి ఉంటే దాని మీద కొత్త తేదీ ఉంటుంది. అప్పుడు కౌన్సెలింగ్‌లో అధికారులు అడ్డు చెప్పవచ్చు. 2009 నాటి కార్డు నకలు తప్పకుండా దాచుకోండి. రాష్ట్ర కోటాలో స్థానికత నిబంధన వేరు. దాని కోసం స్టడీ సర్టిఫికెట్లు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా ఆయన పద్దెనిమిదేళ్లుగా దుబాయిలో ఉన్నారు. ఊళ్లో ఓటరు జాబితాలోంచి పేరు తీసేశారు. ఇక ఓటు లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ఉందమ్మా. గల్ఫ్‌లో ఎన్నేళ్లు చాకిరీ చేసినా మామూలుగా అక్కడి పౌరసత్వం రాదు. ఆయన భారత పౌరుడే. 2010 సవరణతో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేరిన 20ఏ సెక్షన్ ఇలాంటివారికి ఓటు హక్కిచ్చింది. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఫారం 6ఏ నింపాలి. పాస్‌పోర్టులో ఫొటో, చిరునామా ఉన్న పేజీలు, వీసా కాపీ జతచేయాలి. పాస్‌పోర్టులో ఏ ఊరి చిరునామా ఉంటే ఆ ఊళ్లోనే పేరు చేరుతుంది. అందులో పాత ఊరు ఉంటే ముందు పాస్‌పోర్టు మార్పించుకోవాలి. ఓటరు జాబితా చూసే బీఎల్‌వో (బూత్ లెవెల్ ఆఫీసర్) ఇంటికి వచ్చి అడిగినప్పుడు మీరు ‘ఇక్కడ లేరు’ అని మాత్రం చెప్పి పంపేయకండి, ‘దుబాయిలో పనిలో ఉన్నారు, ఫారం 6ఏ పెట్టారు’ అని చెప్పండి. ఈ ఓటర్లకు గుర్తింపు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. ఆన్‌లైన్ ఓటు లేదు. టికెట్ ఖర్చు భరించి ఎందరు రాగలరన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా పేరు నమోదు చేయించండి. పూర్తిగా తిరిగొచ్చేశాక ఫారం 6తో మామూలు ఓటరుగా మళ్లీ చేరవచ్చు.