సస్పెండ్‌కి ముందున్న ఫ్యాన్ లెవెల్‌నే రెజ్యూమ్‌లో మళ్లీ రాసేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో: లినక్స్‌లో మీ లాప్‌టాప్‌కి ఫ్యాన్ డ్రైవర్ (ఫ్యాన్‌ని నడిపే కెర్నల్ కోడ్) రాస్తున్నారు, సస్పెండ్‌లో (మెషీన్ నిద్రపోయేటప్పుడు) లెవెల్ దాచుకుని రెజ్యూమ్‌లో (లేచేటప్పుడు) అదే తిరిగి రాస్తున్నారు, అది చాలా అని. చాలదండీ. నేనూ అలాగే రాసి చేతులు కాల్చుకున్నాను.

మాది తిరుపతి. ఓ మే నెల రాత్రి ఫ్యాన్ గోల భరించలేక మాన్యువల్‌లో (వేగం మనమే పెట్టే మోడ్‌లో) 0 పెట్టి, అంటే ఫ్యాన్ ఆపేసి పని చేసుకున్నాను. పొద్దున్నే మూత వేసి, బ్యాగులో తోసి చిత్తూరు బస్సెక్కాను. పూతలపట్టు దగ్గరికొచ్చేసరికి ఒళ్లో బ్యాగు అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. తర్వాత లాగ్ తీస్తే, చంద్రగిరి దాటే సమయానికి 'పీఎం: సస్పెండ్ ఎగ్జిట్' అని పడి ఉంది. బస్సు కుదుపులకి మూత కాస్త తెరుచుకుని మెషీన్ లేచినట్టుంది. లేవగానే నా డ్రైవర్ బుద్ధిగా 0 రాసి ఫ్యాన్ ఆపేసింది! తప్పు కంపెనీది కాదు, నాదే.

అసలు సంగతి ఏంటంటే, సస్పెండ్‌లో ముందు యూజర్ ప్రోగ్రామ్‌లు ఫ్రీజ్ అవుతాయి, ఆ తర్వాతే మీ కాల్‌బ్యాక్ (కెర్నల్ పిలిచే మీ డ్రైవర్ ఫంక్షన్) వంతు వస్తుంది. అంటే టెంపరేచర్ చూసి ఫ్యాన్ తిప్పే ప్రోగ్రామ్ అప్పటికే నిద్రలో ఉంటుంది. ఇక ఫ్యాన్‌ని మాన్యువల్‌లో వదిలితే దిక్కెవరు? అందుకే సస్పెండ్‌లో మీ డిలేడ్ వర్క్ (కాసేపాగి నడవమని డ్రైవర్ పెట్టుకున్న పని) ఉంటే ముందు దాన్ని క్యాన్సిల్ చేసి, అది ఆగేదాకా ఆగి, లెవెల్ దాచుకుని, ఫ్యాన్‌ని ఆటోకి, అంటే ఎంబెడెడ్ కంట్రోలర్‌కి (ఫ్యాన్‌ని తనే చూసుకునే బోర్డు మీది చిన్న చిప్‌కి) అప్పగించండి. ఎస్2ఐడిల్ అనే తేలికపాటి నిద్ర వాడే మెషీన్లలో ఇది మరీ ముఖ్యం. ఎస్3 అనే గాఢ నిద్రలో ప్రాసెసర్‌కి పవర్ తీసేస్తారు, ఇక్కడ అది ఐడిల్‌లో కూర్చుంటుందంతే.

రెజ్యూమ్‌లో థింక్‌ప్యాడ్ ఏసీపీఐ డ్రైవర్ (థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లకి లినక్స్‌లో ఉన్నది) పాటించే నియమం నాకు బాగా నచ్చింది: ఫ్యాన్ వేగం ఎప్పుడూ తగ్గించకూడదు. లేచాక ఫర్మ్‌వేర్ (మెషీన్‌లోనే ఉండే కంపెనీ కోడ్) ఫ్యాన్‌ని ఆటోలోనో, 0 నుంచి 7 దాకా ఉన్న లెవెల్స్‌లో పైదైన 7లోనో పెట్టి ఉంటుందని అనుకుని, దాచుకున్నది 7 గానీ ఫుల్ స్పీడ్ గానీ అయితేనే తిరిగి రాస్తుంది. 3 ఉంటే రాయదు, ఎందుకంటే ఆటో ఆ క్షణంలో అంతకన్నా వేగంగా తిప్పుతుండొచ్చు. యూజర్‌కి తన 3 కావాలంటే మళ్లీ పెట్టుకుంటాడు.

క్యాష్‌లో, అంటే డ్రైవర్ దాచుకున్న వేరియబుల్‌లో ఉన్న విలువని మాత్రం నమ్మకండి. హైబర్నేట్ (మెమరీని డిస్క్ మీద దాచి పూర్తిగా ఆపేయడం) నుంచి వస్తే ఫర్మ్‌వేర్ మొదట్నించీ బూట్ అయి ఉంటుంది, కానీ మీ వేరియబుల్‌లో పాత మాన్యువల్ అలాగే ఉంటుంది. హార్డ్‌వేర్‌ని అడిగి, ఫ్యాన్ మోడ్ చూపే పీడబ్ల్యూఎం1 ఎనేబుల్ ఫైల్‌లో నిజంగా ఉన్నదే (1 మాన్యువల్, 2 ఆటో) కనబడేలా చూడండి.

టెస్ట్‌కి బస్సెక్కక్కర్లేదు. లెవెల్ 0 పెట్టి, ప్రాసెసర్‌ని వేడెక్కించే కెర్నల్ కంపైల్ ఒకటి నడుస్తుండగా ఆర్టీసీవేక్ కమాండ్‌తో 60 సెకన్లు పడుకోబెట్టండి (ఈ ఆర్టీసీ బస్సులది కాదు, గడియారంది). లేచాక కంపైల్ మళ్లీ అందుకుంటుంది. అప్పుడు ఫ్యాన్1 ఇన్‌పుట్ ఫైల్‌లో ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఇంకా 0 దగ్గరే ఉంటే, మీది నా పాత కోడే.