పిల్లాడు బక్కగానే ఉన్నాడు కదా, ఇక ఆటలెందుకు?

బరంపురం నుంచి ఒక తల్లి అడిగారు: "మా వాడికి 11 ఏళ్లు. స్కూలు, ట్యూషన్, ఫోన్ తప్ప కదలడు. లావుగా లేడు కాబట్టి షుగర్ భయం లేనట్టేనా?"

అలా అనుకోవద్దండి. బక్కగా కనిపించే మన పిల్లల్లోనూ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. తూకం మిషన్‌కు ఆ తేడా తెలియదు.

తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని కండరాలు లోపలికి తీసుకోవాలంటే మామూలుగా ఇన్సులిన్ కావాలి. పరిగెత్తే కండరం మాత్రం ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు. గ్లూట్-4 అనే ప్రొటీన్‌ను కణం అంచుకు తెచ్చుకుని గ్లూకోజును తనే లాక్కుంటుంది. ఆట అయిపోయాక కూడా ఒకటి రెండు రోజులు ఆ కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆదివారం క్రికెట్ ఆడి మిగతా వారమంతా కూర్చుంటే చాలదనేది అందుకే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట, వ్యాయామం కావాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒకేసారి అక్కర్లేదు. మా పర్లాకిమిడి వీధుల్లో సాయంత్రం పిల్లల్ని చూస్తుంటాను: సైకిల్ తొక్కుతూ కబుర్లు చెప్పగలరు, పాట మాత్రం పాడలేరు. కనీసం ఆ మాత్రం ఆయాసం రావాలి. మే ఎండల్లో అయితే పొద్దు వాలాకే పంపండి.

ఇంకొకటి. మెడ వెనక మడతల్లో నల్లగా, మందంగా ఉంటే మురికి అనుకుని శనగపిండితో రుద్దుతూ కూర్చోకండి. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనే గుర్తు కావొచ్చు, పిల్లల డాక్టరుకు చూపించండి.